ఏడొందలకే విండోస్ ప్రో ఇస్తానంటున్నాడు, తీసుకోనా?

ప్రశ్న: మేం బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. నేను చిన్న చిన్న షాపులవాళ్లకి జీఎస్టీ లెక్కలు చూసిపెడతాను, టాలీ అంతా ఇంట్లో డెస్క్‌టాప్‌లోనే ఉంది. నెలకోసారైనా హిందూపురం వెళ్లి అమ్మానాన్నల దగ్గర కొన్నాళ్లు ఉండాల్సి వస్తోంది. అక్కడినుంచి లాప్‌టాప్‌తో ఇంటి కంప్యూటర్ తెరుద్దామని రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయబోతే, మీ విండోస్ 11 హోమ్ ఎడిషన్‌లో అది లేదు అని వచ్చింది. ఎస్.పి.రోడ్డులో ఒక షాపతను ఏడొందలకి ప్రో కీ వేసిస్తానన్నాడు, కంప్యూటర్ స్పీడు కూడా పెరుగుతుందట. మా వారేమో ఫార్మాట్ కొడితే డేటా పోతుందని టెన్షన్ పడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ వారిని నిశ్చింతగా ఉండమనండి. హోమ్ నుంచి ప్రోకి మారడానికి ఫార్మాట్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిస్తే ఎడిషన్ అప్‌గ్రేడ్ చేసుకునే చోటు కనిపిస్తుంది, అక్కడ కీ కొట్టినా, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొన్నా, ఒకసారి రీస్టార్ట్ అయి మీ ఫైళ్లు, టాలీ, ప్రింటర్ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. అయినా కంపెనీల లెక్కలు కాబట్టి ఒక బ్యాకప్ తీసి పక్కన పెట్టుకోండి, యూపీఎస్ లేకపోతే సాయంత్రం వాన ముంచుకొస్తున్నప్పుడు మాత్రం ఈ పని మొదలుపెట్టకండి.

స్పీడు మాట ఉత్తదే. హోమ్, ప్రో రెండూ ఒకే విండోస్, ఒకే వేగం. షాపతను ఆ ముక్క అన్నాడంటేనే మిగతా మాటల్ని కూడా కాస్త అనుమానించాలి.

ఏడొందల కీ సంగతి చెప్తాను. అసలు ధర ఎంతో తెలియాలంటే అదే యాక్టివేషన్ పేజీలోంచి స్టోర్ తెరిచి చూడండి. అమెరికాలో హోమ్ నుంచి ప్రోకి 99 డాలర్లు, మన దగ్గరా వేలల్లోనే ఉంటుంది గానీ వందల్లో కాదు. మరి ఏడొందలకి ఎలా ఇస్తున్నాడు? ఇలా దొరికేవాటిలో చాలావరకు ఏదో కంపెనీ తన ఉద్యోగుల కోసం గంపగుత్తగా తీసుకున్న లైసెన్సులోంచి బయటికొచ్చిన కీలు. ఇవాళ యాక్టివేట్ అయినట్టే చూపిస్తుంది, మైక్రోసాఫ్ట్ ఆ కీని బ్లాక్ చేసిన రోజున మీ డబ్బులు గోవిందా. ఇంకొందరు కీ కూడా ఇవ్వరు, యాంటీవైరస్ ఆపేసి యాక్టివేటర్ అని ఏదో ఒకటి రన్ చేసి చేతులు దులుపుకుంటారు. పదిమంది షాపుల జీఎస్టీ పాస్‌వర్డులున్న మెషిన్‌లో అలాంటిది నడపనివ్వడం నాకైతే అస్సలు నచ్చదు. మూడో రకం కూడా ఉంది, మైక్రోసాఫ్టే బయటపెట్టిన ఒక సాధారణ ప్రో కీ ఉంటుంది, అది కొడితే ఎడిషన్ పేరు ప్రో అని మారుతుంది గానీ యాక్టివేట్ కాదు, మీ దగ్గరున్న హోమ్ లైసెన్సేమో ప్రోకి పనికిరాదు. అక్కడ ఇరుక్కుంటే పద్ధతి ప్రకారం హోమ్‌ని మళ్లీ కొత్తగా ఎక్కించుకోవాల్సిందే, అప్పుడు మీ వారి భయం నిజమవుతుంది.

ఇంతకీ మీకు ప్రో కావాలా? నాకైతే అక్కర్లేదనిపిస్తోంది. ఎందుకంటే ప్రో కొని రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేసినా హిందూపురం నుంచి అది నేరుగా తెరుచుకోదు. ఒకే ఇంటి వైఫైలో ఉంటే సరే, బయటినుంచి రావాలంటే మీ ఇంటి కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో మీ ఒక్కరిదే అయిన చిరునామా ఉండాలి, ఇళ్లకిచ్చే కనెక్షన్లలో చాలావాటికి అది ఉండదు, ఒకే అడ్రస్‌ని బోలెడు ఇళ్లు పంచుకుంటాయి. పోనీ అడిగి డబ్బు కట్టి తీసుకున్నారనుకుందాం, రౌటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) తెరిచి వదిలేయడం వీధి తలుపు బార్లా తీసి ఊరెళ్లడమే. ఆ పోర్టు ఎక్కడ తెరిచి ఉందా అని ఇంటర్నెట్ అంతా గాలించే ప్రోగ్రాములు రాత్రీపగలూ తిరుగుతుంటాయి, ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు లోపలికొచ్చే పాత దారుల్లో ఇదొకటి. కాబట్టి ప్రో ఉన్నా మధ్యలో ఒక వీపీఎన్, అంటే మీ రెండు మెషిన్ల మధ్య బయటివాళ్లు చొరబడలేని సొంత దారి లాంటిది పెట్టుకోవాలి.

దానికంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ చూడండి. ఉచితం, హోమ్ ఎడిషన్‌లో శుభ్రంగా నడుస్తుంది, పబ్లిక్ ఐపీ గొడవ లేదు. ఇంటి కంప్యూటర్‌లో పెట్టుకుని కనీసం ఆరంకెల పిన్ ఇచ్చి, లాప్‌టాప్‌లో అదే గూగుల్ అకౌంట్‌తో తెరిస్తే చాలు, ఆ అకౌంట్‌కి రెండంచెల వెరిఫికేషన్ మాత్రం తప్పకుండా పెట్టండి. ఇలాంటివే వేరే యాప్‌లు ఉన్నాయి గానీ వాటిలో కొన్ని సొంత వాడకానికే ఫ్రీ, మీది సంపాదన పని కాబట్టి షరతులు చదవండి. అసలు టాలీకి టీఎస్ఎస్ (టాలీ సాఫ్ట్‌వేర్ సర్వీసెస్) సబ్‌స్క్రిప్షన్ నడుస్తుంటే రిమోట్‌గా తెరుచుకునే ఏర్పాటు టాలీలోనే ఉంది, ముందు అది చూసుకుంటే మిగతావేవీ అవసరం పడకపోవచ్చు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. మీరు ఊళ్లో ఉండగా ఇక్కడ కరెంటు పోయి వస్తే కంప్యూటర్ తనంతట తాను ఆన్ కాదు, ఎన్ని యాప్‌లున్నా లాభం లేదు. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మెషిన్ సొంత సెట్టింగుల్లో, కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ చాలా డెస్క్‌టాప్‌లకి ఉంటుంది, అది పెట్టించుకోండి. స్లీప్ మోడ్ కూడా ఆపేయండి.

ప్రో తీసుకోవడానికి మీ పనిలో ఒక్క న్యాయమైన కారణం కనిపిస్తోంది, డిస్కు మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్. కంప్యూటర్ ఎవరైనా ఎత్తుకెళ్లినా డిస్కులోది చదవలేరు. అయితే హోమ్‌లోనూ కొన్ని మెషిన్లకి అలాంటిదే డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో చూడండి, ఉంటే దానితో సరిపెట్టుకోవచ్చు. ఏది వాడినా తాళం తీయడానికి అవసరమయ్యే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, అది పోతే మీ డేటా మీకే దొరకదు.

ప్రశ్న: నా పాత కంప్యూటర్‌లో విండోస్ 10 హోమ్ ఉంది. ప్రోకి మారిస్తే అప్‌డేట్లు ఇంకొన్నేళ్లు వస్తాయా?
— ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: రావు. హోమ్ అయినా ప్రో అయినా విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్ల కోసం పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల గడువు 2026 అక్టోబర్ 13 అని పెట్టారు, దానికి నమోదు చేసుకోవాలి గానీ ప్రో అక్కర్లేదు. విండోస్ 11 ఎక్కాలంటే మెషిన్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు లాంటి ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతది కావాలి. అవి లేకపోతే ప్రోకి పెట్టే డబ్బు కొత్త మెషిన్ కోసం దాచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్. డాకర్, లినక్స్ నేర్చుకోవాలి, విండోస్ ప్రో కొనాల్సిందే అంటున్నాడు. నిజమేనా?
— ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపించే హైపర్-వీ, విండోస్ శాండ్‌బాక్స్ కావాలంటే ప్రో ఉండాలి, వాడు పూర్తిగా అబద్ధమేమీ చెప్పలేదు. కానీ విండోస్ లోపల లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ 2 హోమ్‌లోనే వస్తుంది, డాకర్ డెస్క్‌టాప్ దాని మీదే నడుస్తుంది, వేరే ఓఎస్‌లు పెట్టి ఆడుకోవాలంటే వర్చువల్‌బాక్స్ ఉచితం. ముందు కాలేజీ ద్వారా విండోస్ లైసెన్సు ఏమైనా వస్తుందేమో అడగమనండి. చేతిలో డబ్బుంటే ర్యామ్ 8 జీబీ నుంచి 16కి పెంచండి, వాడికి ఎక్కువ పనికొచ్చేది అదే.