టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఆపరేటర్ ఉద్యోగం: లక్షన్నర ఇచ్చి చేర్చమంటారా?

ప్రశ్న: సార్, మాది కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. మా అమ్మాయి పోయినేడాది బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. ఇక్కడి మున్సిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అవుట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ ఆపరేటర్ కావాలంటున్నారు. ఏజెన్సీ తరఫున ఒకాయన లక్షన్నర ఇస్తే పెట్టిస్తానంటున్నాడు. నాలుగైదేళ్లలో పర్మినెంట్ అవుతుందట, సర్వీసు ఉంటే టీపీబీఓ దాకా పోవచ్చట. ఆమేమో హైదరాబాద్ పోయి గ్రూప్-4 కోచింగ్ తీసుకుంటానంటోంది. ఏం చేయమంటారు? మా చిన్నోడు ఈ ఏడు పదో తరగతి, వాడి గురించి కూడా ఒక మాట చెప్పండి.

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దామండీ. లక్షన్నర కాదు, పది వేలు అడిగినా ఇవ్వకండి. ఆయన రసీదు ఇవ్వడు, రేపు ఏజెన్సీ కాంట్రాక్టు అయిపోయి ఇంకో ఏజెన్సీ వస్తే మిమ్మల్ని గుర్తు కూడా పట్టడు. మీ అమ్మాయి నెల జీతంతో ఆ లక్షన్నర తిరిగి రావాలంటేనే ఎనిమిది నెలలకు పైగా పడుతుంది. 2021 జూన్‌లో వచ్చిన జీవో 60 ప్రకారం అవుట్‌సోర్సింగ్ వాళ్లకు 15,600, 19,500, 22,750 అని మూడు శ్లాబులు పెట్టారు, డేటా ఎంట్రీ ఆపరేటర్ మధ్య శ్లాబులోకి వస్తారు. అందులో పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికి వచ్చేది ఇంకా తక్కువ, అదీ ప్రతి నెలా ఒకటో తారీఖున వస్తుందని అనుకోకండి.

పర్మినెంట్ మాట ఇంకా పెద్ద అబద్ధం. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది, సరైన నియామక పద్ధతిలో రాని తాత్కాలిక ఉద్యోగికి, ఎన్నేళ్లు పనిచేసినా, పర్మినెంట్ చేయమని అడిగే హక్కు ఉండదని. ఆ తర్వాత కొన్ని తీర్పుల్లో కొందరికి ఊరట దొరికిన మాట నిజమే, కానీ వాళ్లంతా ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు. పైగా అవుట్‌సోర్సింగ్ మనిషి కాగితం మీద మున్సిపాలిటీ ఉద్యోగే కాదు, ఏజెన్సీ ఉద్యోగి.

ఇక టీపీబీఓ, అంటే టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్. అది టెక్నికల్ పోస్టు. 2022లో టీఎస్‌పీఎస్సీ 175 టీపీబీఓ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు అడిగింది సివిల్ డిప్లొమా, లేదా ఎల్ఏఏ (ఆర్కిటెక్చర్ అసిస్టెంట్ కోర్సు), లేదా సివిల్ బీటెక్, బీఆర్క్, బీప్లానింగ్ లాంటివి. బీకాం వాళ్లు ఆ సెక్షన్‌లో పదేళ్లు కూర్చున్నా ఆ కుర్చీలోకి రాలేరు. ఆయనకు ఇది తెలియక చెప్పాడని నేననుకోను.

మరి ఉద్యోగం వద్దా అంటే, వద్దనను. పైసా ఇవ్వకుండా వస్తే, రెండేళ్లకు మించి ఉండొద్దనే లెక్కతో చేరమనే అంటాను. ఎందుకో చెప్పాలంటే అసలు అక్కడ పని ఏంటో చెప్పాలి, చాలామంది తల్లిదండ్రులకు టౌన్ ప్లానింగ్ అంటే ప్లాన్లు, కూల్చివేతలు, లంచాలు, ఇంతే తెలుసు. వాటి వెనక ఒక గుమస్తా పని ఉంటుంది, అది సరిగ్గా జరిగితే ఊళ్లో సగం మంది తిరుగుడు తప్పుతుంది.

పొద్దున తపాలు వస్తాయి. ప్రతిదానికి ఇన్‌వర్డ్ నంబర్ వేసి, స్కాన్ చేసి, ఎవరి సీటుకు పోవాలో వాళ్లకు పంపాలి. సోమవారం ప్రజావాణి అర్జీలు, పక్కింటివాళ్లు సెట్‌బ్యాక్ వదలకుండా గోడ లేపారని, రోడ్డు మీదికి మెట్లు కట్టారని. ఆర్టీఐ దరఖాస్తులు, వాటికి 30 రోజుల గడువు. హైకోర్టు నుంచి రిట్ పిటిషన్ కాగితాలు, కోర్టులో మన జవాబు (కౌంటర్) వేయడానికి పాత ఫైలు మొత్తం వెతికి తీసి పేజీ నంబర్లు వేసి పెట్టాలి. ఇవి కాక 2020లో ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) కింద రాష్ట్రమంతా కలిపి సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చి పడ్డాయి, ఆ పని ఇన్నేళ్లయినా మున్సిపాలిటీలను వదల్లేదు.

పర్మిషన్లన్నీ ఆన్‌లైన్ అయ్యాక ఆపరేటర్ పని తగ్గిందనుకుంటారు కానీ నా లెక్కలో దాని విలువ పెరిగింది. 2020 నవంబరులో ఇంటి అనుమతుల ఆన్‌లైన్ పోర్టల్ టీఎస్-బీపాస్ వచ్చినప్పుడు 75 గజాల లోపు స్థలానికి రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు, 500 చదరపు మీటర్ల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి, అది దాటితే 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 2025లో దాని స్థానంలో బిల్డ్‌నౌ వచ్చింది. పోర్టల్ పేరు మారినా గడువు పెట్టుకుని పనిచేయడం మారలేదు. గడువు నడుస్తున్నప్పుడు ఒక కాగితం రెండు రోజులు ఎవరి టేబుల్ మీదో ఆగిందంటే దానికి జవాబు చెప్పాల్సి ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడ ఉంది, ఎన్నో రోజు నడుస్తోంది అని రోజూ ఎక్సెల్‌లో పెట్టుకునే మనిషి సెక్షన్‌లో ఒక్కరున్నా టీపీఎస్ (టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్) దగ్గర్నుంచి కమిషనర్ దాకా అందరూ ఆ మనిషినే అడుగుతారు.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. మన దగ్గర సర్వే నంబర్లకు 214/అ, 214/ఆ అని బై నంబర్లు ఉంటాయి కదా. అక్రమ నిర్మాణం మీద నోటీసు టైపు చేసేటప్పుడు ‘అ’ బదులు ‘ఆ’ పడిందనుకోండి. నోటీసు వేరే పట్టాదారు పేరు మీదికి పోతుంది. అసలు కట్టుకుంటున్నాయన హైకోర్టుకు వెళ్లి నాకు నోటీసే రాలేదంటాడు, స్టే వస్తుంది, ఆ లోపు రెండు ఫ్లోర్లు లేస్తాయి. పక్కన ఇరుకులో గాలి వెలుతురు పోగొట్టుకున్న ముసలి దంపతులు మళ్లీ సోమవారం ప్రజావాణికి వస్తారు. ఇదంతా ఒక దీర్ఘం వల్ల. అందుకే ఈ పనిని ఉత్త టైపింగ్ అనేవాళ్లతో నాకు పేచీ.

ఇంకో సంగతి, జనం వచ్చి నిలబడే కౌంటర్. దరఖాస్తులో ఏదో లోపం ఉందని దరఖాస్తుదారుకు ‘షార్ట్‌ఫాల్’ అని మెసేజ్ పోతుంది, ఆయనకు అదేంటో తెలియదు, భయపడి మధ్యవర్తి దగ్గరికి పరుగెత్తుతాడు. తీరా చూస్తే సేల్ డీడ్‌లో 200 గజాలని ఉంది, ప్లాన్‌లో ఇంకోలా వేశారు, లేదా లింక్ డాక్యుమెంట్ అప్‌లోడ్ కాలేదు, లేదా ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) పాతది పెట్టారు. కూర్చోబెట్టి, ‘పెద్దాయనా, మీ ప్లాన్ గీసిన ఇంజినీర్‌తో ఈ ఒక్క కాగితం పెట్టించండి, ఇంకేం అక్కర్లేదు’ అని తెలుగులో చెప్పే ఆపరేటర్ ఉంటే ఆయనకు వేలల్లో ఖర్చు తప్పుతుంది. మీ అమ్మాయికి మనుషులతో ఓపిగ్గా మాట్లాడే గుణం ఉంటే ఈ సీటులో చాలామందికి మేలు చేయగలదు, నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఇక్కడి నుంచి మీ అమ్మాయినే చదవమనండి.

అమ్మా, చేరేముందు తెలుగు టైపింగ్ సంగతి చూసుకో. చాలా ఆఫీసుల్లో పాత ప్రొఫార్మాలు అను ఫాంట్లలో ఉంటాయి, వాటిని పోర్టల్‌లో పేస్ట్ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. నువ్వు యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ మీద, కీలు చూడకుండా కొట్టడం నేర్చుకుంటే మొదటి నెలలోనే నీ తేడా తెలుస్తుంది. వీలైతే సాంకేతిక విద్యామండలి పెట్టే టైప్‌రైటింగ్ లోయర్ గ్రేడ్ తెలుగులో, ఇంగ్లీషులో రాసెయ్, టైపిస్టు పోస్టులకు ఆ సర్టిఫికెట్ అడుగుతారు. ఫైలు ఎలా నడుస్తుందో నేర్చుకో, నోట్ ఫైల్ ఏది, కరెంట్ ఫైల్ ఏది, పర్సనల్ రిజిస్టర్ ఎలా రాస్తారు, ఆర్.డిస్ అని శాశ్వతంగా ఉంచేవి ఏవి, ఎల్.డిస్ అని కొద్దికాలం ఉంచి తీసేసేవి ఏవి. సెక్షన్‌లో పాత సీనియర్ అసిస్టెంట్ ఎవరైనా ఉంటే వాళ్ల పక్కన కూర్చో, అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు, అడిగేవాళ్లే ఉండరు. స్థలాల కొలతలకు వెళ్లే చైన్‌మన్‌తో కూడా మర్యాదగా ఉండు, ఊళ్లో ఏ గల్లీలో ఏ స్థలం ఎవరిదో కంప్యూటర్ కంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, రెండుసార్లు చదువు. టౌన్ ప్లానింగ్ మీద ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) కన్ను ఎప్పుడూ ఉంటుంది, దొరికినవాళ్లలో చిన్న ఉద్యోగులు, అవుట్‌సోర్సింగ్ వాళ్లు కూడా ఉంటారు. ఎందుకంటే పెద్దవాళ్లు చేతికి తీసుకోరు, ‘అక్కడ ఆపరేటర్‌కి ఇచ్చి పో’ అంటారు. ఎవరి కవరూ పట్టుకోకు, డ్రాయర్‌లో పెట్టుకోకు, ‘సార్‌కి ఇవ్వమ్మా’ అంటే ‘మీరే ఇచ్చుకోండి’ అని లేచి పక్కకు వచ్చెయ్. ఏసీబీ వాళ్లు నోట్లకు పొడి రాసి పంపుతారు, తర్వాత సోడా నీళ్లలో ముంచినప్పుడు గులాబీ రంగు వచ్చేది ఆ నోట్లు పట్టుకున్న చేతికే. అలాగే ఆఫీసర్ల లాగిన్, పాస్‌వర్డ్, డిజిటల్ సంతకం డాంగిల్. ‘నేను ఫీల్డ్‌లో ఉన్నా, నువ్వే అప్రూవ్ కొట్టెయ్’ అని ఫోన్ చేసి ఓటీపీ చెబుతారు, అది మామూలు విషయం లాగే అడుగుతారు. చేయకు. ‘సార్, మీరు వచ్చాక చేద్దాం, ఫైలు రెడీగా పెడతా’ అను. గట్టిగా ఒత్తిడి చేస్తే ఉద్యోగం మానెయ్, 19,500 కోసం జైలు ముప్పు తెచ్చుకోవద్దు. అవినీతి నిరోధక చట్టం 2018 సవరణ తర్వాత లంచం తీసుకున్నవాళ్లకు మూడు నుంచి ఏడేళ్ల శిక్ష, ఇచ్చినవాళ్లకూ శిక్ష ఉంది. ఏసీబీ టోల్‌ఫ్రీ 1064, ఫోన్‌లో సేవ్ చేసుకో.

ఆఫీసులో ఆడపిల్లగా ఇబ్బంది ఎదురైతే ఊరుకోవద్దు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసేచోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అవుట్‌సోర్సింగ్ వాళ్లకూ అది వర్తిస్తుంది.

మళ్లీ మీకు, అండీ. కోచింగ్ గురించి. మీ అమ్మాయి గ్రూప్-4 అనడం సరైన ఆలోచనే, ఎందుకంటే ఇదే పనికి రెగ్యులర్ రూపం జూనియర్ అసిస్టెంట్, ఆ పోస్టుకు ఏ డిగ్రీ అయినా చాలు. 2020 పీఆర్సీ (వేతన సవరణ)లో స్కేలు 24,280 నుంచి 72,850, దానిమీద డీఏ, హెచ్ఆర్ఏ. డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాసుకుంటే సీనియర్ అసిస్టెంట్, ఆపైన సూపరింటెండెంట్ దాకా దారి ఉంది. కానీ గడువులు చూడండి. పోయిన గ్రూప్-4 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో 8,039 పోస్టులతో వచ్చింది, అందులో మున్సిపల్ శాఖ వార్డ్ ఆఫీసర్లే 1,862. పరీక్ష 2023 జూలై 1న జరిగింది, తుది ఫలితాలు 2024 నవంబరులో వచ్చాయి. అంటే దాదాపు రెండేళ్లు. తర్వాతి నోటిఫికేషన్ కోసం హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో, హాస్టల్‌కు డబ్బు కట్టుకుంటూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు, అక్కడ పిల్లలు పడే టెన్షన్ నేను చూస్తూనే ఉంటాను. ఇంట్లో ఉండి, పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు చదువుకుంటూ ఉద్యోగం చేస్తే జీతంతో పాటు మనసుకు ధైర్యం కూడా ఉంటుంది. పేపర్-1 జనరల్ నాలెడ్జ్ 150 మార్కులు, పేపర్-2 సెక్రెటేరియల్ ఎబిలిటీస్ 150. రెండో పేపర్‌కు అరిథ్‌మెటిక్, రీజనింగ్, కాంప్రహెన్షన్ రోజూ సాధన చేస్తే ఇంట్లోనే వస్తుంది. నోటిఫికేషన్ పడ్డాక ఆఖరి మూడు నాలుగు నెలలు సెలవు పెట్టడమో ఉద్యోగం మానడమో చేసి కూర్చోమనండి, అప్పుడు కోచింగ్‌కు పంపినా అర్థం ఉంటుంది.

రెండేళ్లలో ఏ నోటిఫికేషనూ రాలేదనుకోండి, అప్పుడు కూడా చేతులు ఖాళీగా ఉండవు. పర్మిషన్ల పోర్టల్ తెలిసిన, డాక్యుమెంట్లు చదవగలిగిన బీకాం మనిషి బిల్డర్ల ఆఫీసులకు, ఆర్కిటెక్టుల దగ్గరకు కావాలి. 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, తర్వాత మూడు నెలలకోసారి వివరాలు అప్‌డేట్ చేస్తూ ఉండాలి, దానికి లెక్కలూ కాగితాలూ రెండూ తెలిసినవాళ్లు తక్కువ.

చిన్నోడికి లెక్కలంటే భయం లేకపోతే, ఇల్లు కట్టే చోట నిలబడి చూసే సరదా ఉంటే, పాలీసెట్ రాయించి సివిల్ డిప్లొమాలో చేర్చండి. అక్క పోలేని టీపీబీఓ దారి వాడికి మూడేళ్లలో తెరుచుకుంటుంది, బీటెక్ కావాలంటే ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరొచ్చు. వాడికి ఇష్టం లేకపోతే మాత్రం బలవంతం వద్దు.

ఇక ఈ వారం చేయాల్సిన పని. మున్సిపల్ ఆఫీసుకు మీరే వెళ్లి మేనేజర్‌ను నేరుగా అడగండి, ఆ పోస్టుకు మంజూరు ఉందా, ఏ ఏజెన్సీ, ఎంపిక ఎలా చేస్తున్నారు అని. డబ్బు అడిగిన మనిషి సంగతి కూడా చెప్పండి. చేరితే అపాయింట్‌మెంట్ కాగితం, పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబర్, ఈఎస్ఐ కార్డు అడిగి తీసుకోమనండి, ప్రతి నెలా పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఏజెన్సీ నిజంగా కడుతోందో లేదో చూసుకోమనండి. టీజీపీఎస్సీ (పాత టీఎస్‌పీఎస్సీయే) వెబ్‌సైట్‌లో ఓటీఆర్, అంటే వన్ టైమ్ రిజిస్ట్రేషన్, చేయించండి. జిల్లా పోస్టుల్లో 95 శాతం స్థానికులకే, ఆ స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి తేలుస్తారు కాబట్టి ఆ ఏడేళ్ల బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. ప్రైవేటు బడులు మూతపడ్డాక వాటికోసం ఎంఈఓ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు ప్రతి నోటిఫికేషన్‌కూ కనిపిస్తుంటారు.