స్లో కుక్కర్ తిరిగి ఇచ్చెయ్యకు, ముందు ఇది చదువు

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు "పెద్దమ్మా, ఎనిమిది గంటలు పెట్టినా కూర నీళ్ళ నీళ్ళగానే ఉంది, బంగాళాదుంపలు గట్టిగానే ఉండిపోయాయి, దీన్ని తిరిగి ఇచ్చేస్తాను" అన్నావు. ఇచ్చెయ్యకు. కరెంటు మీద సన్న వేడితో గంటల తరబడి వండే ఈ కుక్కర్‌లో లోపం లేదు, నీ చేతిలోనూ లేదు. స్టవ్ మీద వండే అలవాటుతో దీంట్లో వండావు, అంతే. పదిహేనేళ్ళుగా వాడుతున్నదాన్ని, ఫోన్లో హడావిడిగా చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

ముందు నీళ్ళ సంగతి. స్టవ్ మీద ఆవిరి పోతూనే ఉంటుంది కాబట్టి ధారాళంగా పోస్తాం. దీంట్లో ఆవిరి లేచి మూతకు తగిలి చుక్కలుగా మళ్ళీ కూరలోకే జారుతుంది, బయటికి పోయేది చాలా తక్కువ. పైగా ఉల్లిపాయ, టమాటా, మాంసం వాటి నీళ్ళు అవి వదులుతాయి. కాబట్టి మామూలుగా పోసేదాంట్లో సగం పొయ్యి, నలుగురికి సరిపడే మాంసం కూరకైతే నేను ఒక కప్పు మించి పొయ్యను. (ఎండు పప్పులకు ఈ లెక్క పనికిరాదు, అవి నీళ్ళు పీల్చుకుంటాయి.) అయినా పలచగా ఉంటే చివర్లో మూత తీసి 'హై' మీద అరగంట ఉంచు, లేదా ఉడికిన దుంప ముక్కలు నాలుగు గరిటెతో మెదిపి కలిపెయ్, చిక్కబడుతుంది.

దుంపలు ఉడకలేదంటే వాటిని పైన వేసి ఉంటావు. ఈ గిన్నెలో మాంసం కంటే దుంపలు, క్యారెట్లే ఆలస్యంగా మెత్తబడతాయి, వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇది నిజం. చాలా కుక్కర్లలో వేడి గిన్నె చుట్టూ ఉన్న గోడల నుంచే వస్తుంది. అందుకని దుంపల్ని అంగుళం ముక్కలుగా కోసి అడుగున, గోడలకు ఆనేలా పరిచి, మాంసం వాటి మీద పెట్టు. గిన్నె సగానికి తక్కువా ఉండకూడదు, మూడింట రెండు వంతులు దాటీ ఉండకూడదు. తక్కువైతే అంచుల్లో మాడుతుంది, నిండా నింపితే చెప్పిన టైముకి ఉడకదు.

ఇంకొకటి, మధ్యలో నాలుగుసార్లు మూత తీసి చూశానన్నావు కదా. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, అంటే దాదాపు రెండు గంటల ఉడుకు నువ్వే పోగొట్టావు. గాజు మూత ఉన్నది పైనుంచి చూడటానికే. కలపాల్సిన పని కూడా లేదు, మంట కింద లేదు కాబట్టి అడుగంటుతుందని భయపడక్కర్లేదు.

'లో' అంటే తక్కువ వేడి, 'హై' అంటే ఎక్కువ వేడి అని చాలామంది అనుకుంటారు. చాలా కుక్కర్లలో రెండూ చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి, నీళ్ళు మరిగే స్థాయికి కొంచెం కింద. కాకపోతే 'హై' మీద త్వరగా చేరుతుంది, 'లో' మీద నిదానంగా. 'హై' మీద 3, 4 గంటలు పట్టేది 'లో' మీద 7, 8 గంటలు పడుతుందని గుర్తుపెట్టుకో. 'వార్మ్' మాత్రం ఉడికినదాన్ని వేడిగా ఉంచడానికే, దాని మీద ఎప్పుడూ వండకు.

మాంసం కొనేటప్పుడు ఖరీదైన మెత్తటి ముక్కల వైపు చూడకు. బాగా కదిలే భాగాలు, భుజం, కాలు, అలాంటి గట్టి ముక్కలే దీనికి తగినవి. వాటిలో ఉండే గట్టి పీచు గంటల తరబడి ఆ వేడిలో ఉంటేనే కరిగి జిగురుగా మారుతుంది, గుజ్జుకు ఆ చిక్కదనం, ఆ రుచి వచ్చేది దాంతోనే. గట్టిగా ఉందంటే చాలాసార్లు ఎక్కువ ఉడికి కాదు, ఇంకా ఉడకాల్సి ఉండి. చికెన్‌లో తొడ ముక్కలు, ఎముకతో ఉన్నవి తీసుకో. బ్రెస్ట్ ముక్కలు నువ్వు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎండిన పీచులా తయారవుతాయి, అవి వండాలంటే ఇంట్లో ఉన్న రోజు 'లో' మీద 3 గంటలకే చూడాలి.

ఉల్లిపాయలు, మాంసం ముందు స్టవ్ మీద ఎర్రగా వేయించి వెయ్యి. ఈ పది నిమిషాల పని ఎందుకని నేనూ చాలాకాలం మానేశాను, ఇప్పుడు మానను. ఎరుపు రంగు, ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీల దాకా వేడి కావాలి, ఈ గిన్నె 100 కూడా దాటదు, ఎన్ని గంటలు పెట్టినా ఆ రుచి రాదు. మరీ ఓపిక లేనిరోజు మానెయ్, తినడానికి బాగానే ఉంటుంది, కానీ తేడా తెలుస్తుంది.

నీ అసలు ఇబ్బంది నాకు తెలుసు. సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరేసరికి పిల్లలు ఆకలని ఏడుస్తుంటారు, అప్పుడు స్టవ్ ముందు నిలబడే శక్తి నీకు ఉండదు. ఈ కుక్కర్ నీ పని మొత్తం తీసెయ్యదు బుజ్జీ, ఆ పనిని నీకు కాస్త ఓపిక ఉన్న సమయానికి జరుపుతుంది, నేను దీన్ని ఇన్నేళ్ళు వదలకపోవడానికి కారణం అదొక్కటే. రాత్రి పిల్లలు పడుకున్నాక కూరగాయలు కోసి ఒక డబ్బాలో, మాంసం ఇంకో డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టేసుకో. మాంసాన్ని రాత్రే సగం వేయించి ఉంచకు, వేయిస్తే పొద్దున వేయించి నేరుగా గిన్నెలో వెయ్యాలి. పింగాణీ గిన్నెని నింపి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున అలాగే ఆన్ చెయ్యడం కూడా వద్దు. చల్లటి గిన్నె వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, ఆ హఠాత్తు మార్పుకి పగిలిపోవచ్చు కూడా.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. ఈ కుక్కర్‌కి 1940లో పేటెంట్ తీసుకున్న ఇర్వింగ్ నాక్సన్ దాన్ని మొదట చిక్కుడు గింజలు వండుకునే పాత్రగానే అమ్మాడు, 1971లో క్రాక్‌పాట్ అన్న పేరు వచ్చింది తర్వాతి సంగతి. అందుకే గింజలకు ఇది చాలా మంచిదని అందరూ చెబుతారు, నిజమే. కానీ ఎర్ర రాజ్మా గింజల్ని పచ్చివిగా నేరుగా దీంట్లో ఎప్పుడూ వెయ్యకు. వాటిలో ఒక విషపదార్థం ఉంటుంది, గలగలా మరిగితేనే పోతుంది. మరగకుండా సన్న వేడిలో ఉడికితే పోకపోగా పచ్చి గింజల కంటే ప్రమాదం కావచ్చు. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, జబ్బు చేస్తుంది. నేను వాడటం మొదలుపెట్టిన ఏడాది తెలియక రాత్రి నానబెట్టి పొద్దున అలాగే వేసేశాను, మెత్తగానే ఉడికినట్టు కనిపించాయి, తిన్న రెండు గంటలకి ఇంట్లో నలుగురం వాంతులు. చిన్నవాడి ముఖం తెల్లబోయి పడుకుని ఉంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఆ రాత్రి ఇప్పటికీ మర్చిపోలేదు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో స్టవ్ మీద గలగలా మరిగించు. 10 నిమిషాలు చాలని కొందరంటారు, నేను 30 నిమిషాలు మరిగిస్తాను. ఆ తర్వాతే కుక్కర్‌లోకి. టమాటా, నిమ్మరసం లాంటి పులుపు గింజలు మెత్తబడ్డాకే వెయ్యి, ముందే వేస్తే ఎంతసేపు పెట్టినా గట్టిగానే ఉంటాయి.

గడ్డకట్టిన మాంసం కూడా ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా వెయ్యకు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో క్రిములు బాగా పెరుగుతాయి, ఈ గిన్నె అసలే నిదానం, గడ్డ మాంసం వేస్తే ఆ మధ్యలోనే గంటలు గడిచిపోతాయి. ముందురోజే ఫ్రిజ్‌లోకి దించుకో. మిగిలిన కూరని కూడా దీంట్లో వేడిచెయ్యకు, స్టవ్ మీద పొగలొచ్చేలా వేడిచేసుకో. నువ్వు లేనప్పుడు కరెంటు పోయి ఎంతసేపు పోయిందో తెలియకపోతే, ఎంత బాధనిపించినా ఆ వంట పారబొయ్యి. ఇంట్లో ఉంటే వెంటనే స్టవ్ మీదికి మార్చి పూర్తిచెయ్. తిన్నాక మిగిలింది గిన్నెతో పాటు వదిలెయ్యకుండా, రెండు గంటల లోపు వెడల్పాటి డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టు.

పాలు, పెరుగు, మీగడ ముందే వేస్తే విరిగిపోతాయి, వడ్డించే ముందు 15, 20 నిమిషాలు ఉందనగా వెయ్యి. ఆకుకూరలు, కొత్తిమీర కూడా అప్పుడే. లవంగం, చెక్క లాంటివి గంటల తరబడి ఘాటు వదులుతూనే ఉంటాయి కాబట్టి మామూలు దాంట్లో సగం చాలు. ఉప్పు కొంచెం తగ్గించి వేసి చివర్లో సరిచూసుకో. అన్నం మాత్రం దీంట్లో వద్దు, నేను ఎన్ని రకాలుగా చేసినా ముద్దయింది.

మొదటిసారి శనివారం పెట్టు, నువ్వు ఇంట్లో ఉండే రోజు. తొడ ముక్కలు, దుంపలు, ఉల్లిపాయలు, ఒక కప్పు నీళ్ళు, 'లో' మీద 6 గంటలు. అడుగు దుంపని గరిటెతో నొక్కితే చితకాలి, అప్పుడే ఉడికినట్టు, గట్టిగా తగిలితే ఇంకో అరగంట ఉంచు. ఎలా వచ్చిందో సాయంత్రం ఫోన్ చెయ్, ఎదురుచూస్తుంటాను.

మీ పెద్దమ్మ