క్రియను అంటిపెట్టుకునే చిన్న మాటలు: ఇంగ్లిష్ వ్యాకరణంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా కళాశాల పరీక్షలో తప్పు వాక్యాలను గుర్తించమన్నారు. ‘షీ లుక్‌డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ద మ్యాప్’ ఒప్పని, ‘షీ లుక్‌డ్ కేర్‌ఫుల్లీ అప్ ద వర్డ్’ తప్పని జవాబుల్లో ఇచ్చారు. రెండింటిలోనూ క్రియ ఒకటే, భూతకాలం ఒకటే, క్రియావిశేషణమూ ఒకటే. మరి ఈ తేడా ఎక్కడిది?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: తేడా అంతా ‘ఎట్’, ‘అప్’ అనే చిన్న మాటల్లోనే ఉంది. మొదటి వాక్యంలో ‘ఎట్’ తన తరువాత వచ్చే ‘ద మ్యాప్’ అనే నామంతో కలిసి ఒక పదబంధంగా ఏర్పడుతుంది కనుక అది ప్రిపొజిషన్. రెండో వాక్యంలోని ‘అప్’కు ‘ద వర్డ్’తో అటువంటి పొత్తు లేదు. అది ‘లుక్‌డ్’తో కలిసి, నిఘంటువులో వెతికి చూడటం అనే వేరే అర్థాన్ని ఇస్తున్నది. ఇలా క్రియకు చెందిన చిన్న మాటను పార్టికల్ అని, ఆ రెండూ కలిసిన జంటను ఫ్రేజల్ వెర్బ్ అని వ్యాకరణాల్లో పిలుస్తారు. పని జరిగిన తీరును చెప్పే ‘కేర్‌ఫుల్లీ’ వంటి మాట క్రియకూ ప్రిపొజిషన్‌కూ మధ్య ఇమడగలదు గాని, ఫ్రేజల్ వెర్బ్ జంట మధ్య ఇమడలేదు. అందుచేత ‘షీ కేర్‌ఫుల్లీ లుక్‌డ్ అప్ ద వర్డ్’ అని ముందైనా, ‘షీ లుక్‌డ్ అప్ ద వర్డ్ కేర్‌ఫుల్లీ’ అని చివరనైనా దాన్ని పెట్టాలి.

అంతమాత్రాన ‘అప్’ ఎప్పుడూ పార్టికలేనని కంఠస్థం చేయకండి. మీ ఊరి కొండారెడ్డి బురుజు మెట్లు ఎక్కినవాణ్ణి గురించి ‘హీ వాక్‌డ్ అప్ ద స్టెప్స్’ అంటే, అక్కడ అదే ‘అప్’ మెట్లకు చెందిన ప్రిపొజిషన్ అవుతుంది. ‘హీ వాక్‌డ్ స్లోలీ అప్ ద స్టెప్స్’ అనడంలో ఏ దోషమూ లేదు. చూడటానికి ఒకేలా ఉన్న ఈ రెంటినీ విడదీయడానికి నేను ముందుగా వాడే పరీక్ష సర్వనామం. నామం తీసేసి సర్వనామం పెడితే, ఫ్రేజల్ వెర్బ్‌లో అది తప్పనిసరిగా మధ్యకు వస్తుంది: ‘షీ లుక్‌డ్ ఇట్ అప్’ అనాలే గాని ‘లుక్‌డ్ అప్ ఇట్’ అనకూడదు. ప్రిపొజిషన్ ఉన్నచోట అది చివరనే ఉంటుంది: ‘షీ లుక్‌డ్ ఎట్ ఇట్’, ‘హీ వాక్‌డ్ అప్ దెమ్’. చెవితో పట్టే గుర్తు ఇంకొకటి ఉంది. ‘వాట్ డిడ్ షీ లుక్ అప్?’ అని అడిగేటప్పుడు ఊనిక ‘అప్’ మీద పడుతుంది. ‘వాట్ డిడ్ షీ లుక్ ఎట్?’ అన్నప్పుడు ‘లుక్’ మీద పడి, ‘ఎట్’ తేలికగా పలుకుతుంది.

భూతకాలం విషయంలో మాత్రం చిక్కు తక్కువ. కాలాన్ని మోసేది క్రియ ఒక్కటే కనుక ‘గివ్ అప్’ అన్నది ‘గేవ్ అప్’ అవుతుంది, ‘రన్ ఇంటు’ అన్నది ‘ర్యాన్ ఇంటు’ అవుతుంది; చిన్న మాట ఏ కాలంలోనూ మారదు.

ఇక్కడ మీ పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటి ఉంది, అది తెలిస్తేనే నియమం పూర్తిగా అర్థమవుతుంది. పార్టికల్ నిజంగా ఒక దిక్కును చూపుతున్నప్పుడు జంట కొంత వదులుగా ఉంటుంది; అర్థం మారిపోయి రెండు మాటలూ ఒకటైపోయినప్పుడు బిగుసుకుంటుంది. ‘ద సన్ వెంట్ స్లోలీ డౌన్’ అనవచ్చు, ఎందుకంటే సూర్యుడు నిజంగానే కిందికి దిగుతున్నాడు. నంద్యాల దారిలో బస్సు చెడిపోయిందని చెప్పడానికి ‘ద బస్ బ్రోక్ సడన్లీ డౌన్’ అనకూడదు. అక్కడి ‘డౌన్’లో కిందికి అన్న అర్థం మిగలలేదు, ‘ద బస్ సడన్లీ బ్రోక్ డౌన్’ అనాలి. అలాగే ఏ మేరకు అని చెప్పే మాటలకు దొరికే వెసులుబాటు ఏ తీరుగా అని చెప్పే మాటలకు దొరకదు. వేసవిలో ఒక ఊరి బావులన్నీ ఎండిపోతే ‘ద విలేజ్ ర్యాన్ కంప్లీట్లీ అవుట్ ఆఫ్ వాటర్’ అనడం సహజంగానే ఉంటుంది; ‘ర్యాన్ సడన్లీ అవుట్ ఆఫ్ వాటర్’ అంటే మాత్రం ఇంగ్లిష్ వారి చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఈ ‘అవుట్ ఆఫ్’లో పార్టికల్, ప్రిపొజిషన్ రెండూ పక్కపక్కనే ఉన్నాయని గమనించారా? గండికోట అంచున నిలబడి పెన్నా లోయను చూసినవారు ‘వియ్ లుక్‌డ్ డౌన్ ఇంటు ద గార్జ్’ అంటారు. ‘డౌన్’ చూపు సాగిన దిక్కును చెప్పే క్రియావిశేషణం. ‘ఇంటు’ లోయను క్రియతో కలిపే ప్రిపొజిషన్. ఈ క్రమం తారుమారు కాదు.

ఈ జంటలు ఇతర భాషల వారిని తికమక పెడతాయని 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్ స్పష్టంగానే రాశాడు. కనుక ఇది మన ఒక్కరి ఇబ్బందే అనుకుని జంకవద్దు.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి పిల్లలకు డిక్టేషన్ చెబుతాను. ‘హీ వాక్‌డ్ టు ద మార్కెట్’ అని చదివితే చాలామంది ‘హీ వాక్ టు ద మార్కెట్’ అని రాస్తున్నారు. ‘హీ లుక్‌డ్ ఎట్ ద క్లాక్’ మాత్రం సరిగానే రాస్తున్నారు. ఇది వ్యాకరణం తెలియకనా, వినికిడి లోపమా?
– ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: రెండూ కావు, పిల్లలు విన్నదే రాస్తున్నారు. ‘వాక్‌డ్’ చివర రాతలో డకారం కనిపించినా, దాని ముందున్న కకారం వల్ల పలుకుబడిలో అది ‘ట్’గానే వినిపిస్తుంది; ‘లుక్‌డ్’, ‘స్టాప్‌డ్’ వంటివాటిలోనూ అంతే. తరువాత వచ్చే ప్రిపొజిషన్ ‘ఎట్’ లాగా అచ్చుతో మొదలైతే, ఆ ‘ట్’ దానితో కలిసి ‘లుక్‌టెట్’ అని స్పష్టంగా చెవిన పడుతుంది. ‘టు’ వస్తే రెండు టకారాలూ ఒకటైపోయి, మామూలు వేగంలో ‘వాక్‌డ్ టు’, ‘వాక్ టు’ దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే మీరు గమనించిన తేడా నాకెంతో విలువైనదిగా తోస్తున్నది.

చెవికి దొరకని దాన్ని వాక్యంలో వెతకడం పిల్లలకు నేర్పండి. కర్త ‘హీ’ అయినప్పుడు వర్తమానమైతే ‘వాక్స్ టు’ అని సకారం వినిపించి తీరాలి. అది వినిపించలేదంటే క్రియ భూతకాలంలో ఉన్నట్టే. కర్త ‘దే’ అయితే ఈ ఆధారం కూడా ఉండదు. ‘యెస్టర్‌డే’ వంటి మాట గాని, ముందు వాక్యంలోని కాలం గాని చూసి నిర్ణయించుకోవాలి. కనుక డిక్టేషన్‌లో విడి వాక్యాలు ఇవ్వడం కన్నా రెండు మూడు వాక్యాలున్న చిన్న సంఘటనను చదవడం మేలు. రెండు టకారాలనూ విడదీసి, ఒత్తి పలికి వినిపించడం వద్దని నా మనవి. అటువంటి ఉచ్చారణ బయట వారికి ఎక్కడా వినిపించదు.

ప్రశ్న: ‘వియ్ డిస్కస్‌డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అని అర్జీలో రాస్తే మా పై అధికారి ‘అబౌట్’ కొట్టేశారు. ఎందుకు?
– కార్యాలయ ఉద్యోగి, కడప

జవాబు: వారు చేసింది సరైన పనే. మనం సమస్య గురించి చర్చిస్తాం, ఊరికి చేరుతాం, గదిలోకి ప్రవేశిస్తాం. అందుకని ‘డిస్కస్‌డ్’, ‘రీచ్‌డ్’, ‘ఎంటర్‌డ్’ తరువాత కూడా ఏదో ఒకటి తగిలించాలనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఈ మూడూ నామాన్ని నేరుగా తీసుకుంటాయి: ‘డిస్కస్‌డ్ ద ప్రాబ్లమ్’, ‘రీచ్‌డ్ కడప’, ‘ఎంటర్‌డ్ ద రూమ్’. ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు మాత్రం ‘ఎంటర్‌డ్ ఇంటు ఎన్ అగ్రిమెంట్’ అన్నదే సరైనది. ‘రిటర్న్‌డ్ బ్యాక్’ అని రాసే అలవాటు కూడా ఉంటే మానుకోండి, ‘రిటర్న్‌డ్’లోనే తిరిగి అన్న అర్థం ఉంది.

ప్రశ్న: ‘డౌన్ కేమ్ ద రెయిన్’ అన్న వాక్యంలో కర్త చివర ఎందుకు వచ్చింది?
– ఇంటర్ విద్యార్థి, ఆదోని

జవాబు: దిక్కును చెప్పే క్రియావిశేషణాన్ని వాక్యం మొదట పెట్టి, భూతకాల క్రియను దాని వెంట తెచ్చి, కర్తను చివర నిలిపితే ఆ సంఘటన ఒక్కసారిగా కళ్ళముందు జరిగినట్టు ఉంటుంది. కర్త సర్వనామమైతే ఈ మార్పు జరగదు, ‘డౌన్ ఇట్ కేమ్’ అనాలి. పైన చెప్పిన వదులు, బిగువుల భేదం ఇక్కడ కూడా వర్తిస్తుంది: వాన కిందికి పడింది కనుక ‘డౌన్ కేమ్ ద రెయిన్’ చెల్లుతుంది గాని, బస్సు చెడిపోయిందని ‘డౌన్ బ్రోక్ ద బస్’ అనడం చెల్లదు.