పట్టాల పక్కన ఇల్లు కొనే ముందు అక్కడ ఒక రాత్రి పడుకోండి

సికింద్రాబాద్‌లోని సఫిల్‌గూడ దగ్గర రైలు పట్టాలకు సుమారు 80 మీటర్ల దూరంలో నాలుగో అంతస్తు ఫ్లాటు ఒకటి చుట్టుపక్కల ధరల కంటే బాగా తక్కువకు వస్తోందని, రైళ్ల చప్పుడుకు అలవాటు పడగలమా, కుటుంబంతో ఉండడానికి ఆ ప్రాంతం ఎలాంటిదని మీరు అడిగారు. మల్కాజ్‌గిరి నుంచి బొల్లారం వైపు వెళ్లే ఇదే లైను పక్కన నేను ఒకసారి అద్దెకు దిగి ఏడు నెలలకే ఖాళీ చేశాను. మూడేళ్ల తరువాత ఇదే లైనుకు దగ్గరలో ఇల్లు కొనుక్కుని ఇప్పటికీ ఉంటున్నాను. ఈ రెండు ఇళ్లకూ మధ్య తేడా ఏమిటో చెబితే మీ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

2016లో నా భార్య మూడు నెలల పాపను తీసుకుని పుట్టింటి నుంచి వచ్చే వేళకు ఇల్లు సిద్ధం చేయాలన్న తొందరలో మల్కాజ్‌గిరిలో మూడో అంతస్తు ఫ్లాటు అద్దెకు తీసుకున్నాను. మధ్యవర్తి ఆ ఇంటిని రెండుసార్లూ పగలు పదకొండు గంటల ప్రాంతంలోనే చూపించాడు. ఆ కాసేపట్లో ఒకే ఒక్క బండి వెళ్లింది. బాల్కనీలో నిలబడి చూస్తుంటే అది ముచ్చటగానే అనిపించింది. దిగిన మొదటి రాత్రే సంగతి తెలిసింది. ఒంటిగంట దాటాక గూడ్సు బండి వస్తుంటే ముందుగా వంటగది అరలో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి, తరువాత మంచానికి అదురు తెలిసేది, ఆపైన హారన్ మొదలై మా కిటికీ దాటిపోయే దాకా వదలకుండా మోగేది. గ్లాసులు మోగినా కదలని పాప హారన్‌కు మాత్రం ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చేది. ఆ పిల్లను భుజాన వేసుకుని ఇద్దరం వంతులవారీగా హాల్లో తిరిగిన రాత్రులు ఎన్నో లెక్కలేదు.

కింది అంతస్తులో రైల్వే గార్డుగా చేసి పదవీ విరమణ పొందిన పెద్దాయన ఉండేవారు. నేను ఆయనను బాబాయి గారూ అని పిలిచేవాణ్ని. ఒక సాయంత్రం ఆయన నన్ను లైను పక్క దారి వెంట తీసుకెళ్లి, పసుపు రంగు మీద నల్లని అక్షరాలతో ‘డబ్ల్యూ/ఎల్’ అని రాసి ఉన్న బోర్డు చూపించారు. లెవెల్ క్రాసింగ్ గేటుకు సాధారణంగా 600 మీటర్ల ముందు ఆ బోర్డు పెడతారట; అక్కడి నుంచి గేటు దాకా డ్రైవరు కూత వేస్తూ రావాలన్నది నిబంధనట. "బాబూ, పట్టాలు ఎంత దూరమని అందరూ అడుగుతారు. ఈ బోర్డుకూ గేటుకూ నడుమ ఇల్లు ఉందా లేదా అని చూసుకోవాలి" అన్నారు ఆయన. మా ఫ్లాటు సరిగ్గా ఆ రెంటి నడుమనే ఉంది. ఇల్లు వెతికేటప్పుడు నాకు అన్నింటికంటే ఎక్కువగా పనికొచ్చిన మాట అదే.

ఆ తరువాత ఎనిమిది నెలలు ఇళ్లు చూసే క్రమంలో నేను గమనించింది ఏమిటంటే, ఆగకుండా సాగిపోయే బండి చప్పుడుకు మనిషి కొన్ని వారాల్లో అలవాటు పడతాడు గాని, ఉన్నట్టుండి పుట్టే చప్పుడుకు ఏళ్లు గడిచినా అలవాటు పడడం కష్టం. గేటు కూత అలాంటిదే. సిగ్నల్ దగ్గర ఆగిన గూడ్సు బండి కదిలేటప్పుడు ఇంజను నుంచి చివరి వ్యాగన్ దాకా ధడధడమని పాకే కుదుపు చప్పుడు కూడా అలాంటిదే. స్టేషన్‌కు ఇటూ అటూ లూప్ లైన్ల (బండ్లను పక్కకు తీసి ఆపే లైన్ల) పక్కన ఇళ్లున్న వారికి దీని బాధ తెలుసు. పట్టాలు మారే పాయింట్ల మీద, ఇనుప గర్డర్ల వంతెన మీద చక్రాల మోత మామూలు లైను మీద కంటే గట్టిగా ఉంటుంది. ఒకప్పటిలా అతుకు అతుకుకూ టకటకమనే చప్పుడు మాత్రం, పట్టాలను పొడవుగా వెల్డింగు చేయడం వల్ల చాలాచోట్ల తగ్గింది.

అంతస్తు విషయంలో అమ్మేవారి మాట నమ్మకండి. పైకి పోయే కొద్దీ చప్పుడు తగ్గుతుందని నాకు ముగ్గురు చెప్పారు. నేను చూసిన ఇళ్లలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొదటి అంతస్తుకు ఎదురిళ్లు, రైల్వే గోడ అడ్డుగా నిలుస్తాయి. నాలుగో అంతస్తు కిటికీకీ పట్టాలకూ మధ్య ఏ అడ్డూ లేకపోతే చప్పుడు నేరుగా లోపలికి వస్తుంది. అదురు మాత్రం కింది అంతస్తుల్లోనే ఎక్కువగా తెలియవచ్చు. ఇప్పుడు మేము ఉంటున్న ఇల్లు పట్టాలకు 250 మీటర్ల లోపే ఉన్నా, నడుమ మూడు వరుసల ఇళ్లు ఉండడం, పడకగది లైనుకు వ్యతిరేక దిశలో ఉండడం వల్ల రాత్రి బండి పోయినట్టు చెవి పెట్టి వింటేనే తెలుస్తుంది.

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఇవి కొంత సమయం మీద తీసే సగటు లెక్కలు. రాత్రి మూడు గంటలకు నిద్ర చెడగొట్టే అర నిమిషం హారన్ సగటులో కలిసిపోతుంది. అందువల్ల మొబైల్‌లో కొలిచిన సగటు అంకె చూసి ఊరట చెందకండి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ చట్రం) కిటికీలు పెట్టించుకుంటే చాలని చెప్పేవారూ ఉంటారు. జరిపే తలుపుల కంటే, బిగుతుగా మూసుకునే రెక్క కిటికీకి రెండు పొరల అద్దం వేయిస్తే గుణం నిజంగానే కనబడుతుంది గాని, అది కిటికీ మూసి ఉన్నంతసేపే. ఏప్రిల్, మే నెలల్లో రాత్రంతా ఏసీ వేసుకోగలరా, కిటికీ తెరిచి పడుకునే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉందా అన్నది ముందే ఆలోచించుకోండి.

ఇక ప్రాంతం గురించి. ఈ విషయంలో నా అభిప్రాయం చాలామంది చెప్పేదానికి భిన్నంగా ఉంటుంది. సికింద్రాబాద్‌కు 1874లోనే రైలు వచ్చింది. లాలాగూడ వర్క్‌షాపు నిజాం కాలం నాటిది. 1966లో దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. మెట్టుగూడ, లాలాగూడ, మల్కాజ్‌గిరి ప్రాంతాల్లో రైల్వే ఉద్యోగుల కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. డ్యూటీలు వేళాపాళా లేనివి కావడంతో ఇటువైపు కాలనీల్లో తెల్లవారుజామున నాలుగింటికి కూడా ఏదో ఒక ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటుంది, టీ కొట్టు తెరిచి ఉంటుంది. నేను ఇల్లు వెతికే రోజుల్లో నగర శివార్లలో చక్కని, నిశ్శబ్దమైన అపార్ట్‌మెంట్ ఒకటి చూసి దాదాపు ఖాయం చేసుకున్నాను. ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడ బస్సు దిగి గేటు దాకా నడిస్తే దారిలో ఒక్క మనిషి ఎదురు కాలేదు. మరునాడు అదే వేళకు ఇక్కడ ఒక కిరాణా కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. స్టేషన్ నుంచి ఆఫీసు సంచులతో నడిచి వస్తున్న ఆడవాళ్లు, కోచింగ్ నుంచి సైకిళ్ల మీద తిరిగి వస్తున్న పిల్లలు, అరుగు మీద కూర్చుని వాళ్లను పేరుపేరునా పలకరిస్తున్న ఒక పెద్దావిడ కనిపించారు. మా పాప పెద్దదై ఒంటరిగా ఇంటికి నడిచి రావలసిన రోజు ఒకటి వస్తుందని అప్పుడే అనిపించింది. శివారు ఫ్లాటుకు ఇస్తానన్న అడ్వాన్సు ఇవ్వలేదు.

అలాగని లైను పక్క ప్రతి సందూ మంచిదని చెప్పను. ఒకవైపు ఇళ్లు, మరోవైపు రైల్వే గోడ మాత్రమే ఉండే దారుల్లో గోడ పక్క ఎవరి వాకిలీ ఉండదు కాబట్టి చెత్త అక్కడికే చేరుతుంది, వీధి దీపం పోతే అడిగే నాథుడూ ఉండడు. మీ ఫ్లాటుకు వెళ్లే దారి అలాంటిదేమో చీకటి పడ్డాక చూడండి. పిల్లల బడి, ఆసుపత్రి, కూరగాయల బజారు పట్టాలకు మీ వైపు ఉన్నాయా, అవతల ఉన్నాయా అన్నది కూడా చూడాలి. గేటు పడితే పది నిమిషాలు ఆగాలి. గేటు తీసేసి కట్టిన అండర్ బ్రిడ్జి అయితే కూత బాధ తప్పుతుంది గాని, గట్టి వాన పడిన రోజు కింద నీళ్లు నిలిచి కాలనీ రెండుగా చీలిపోతుంది. కనుక వానాకాలంలో ఒకసారి చూడకుండా నిర్ణయించుకోవద్దు.

లైను ఇప్పుడున్నట్టే ఎప్పటికీ ఉంటుందని కూడా అనుకోకండి. మేము ఇల్లు కొన్న నాలుగేళ్లకు, 2023 ఏప్రిల్‌లో, ఈ దారిన మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు) మొదలైంది. 2024 మార్చిలో మౌలాలి, సనత్‌నగర్ మధ్య లైను మీదా ఎంఎంటీఎస్ వచ్చింది. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. బండ్లు పెరగడం మాకు లాభమే అయింది, ఎందుకంటే నా భార్య ఇప్పుడు రైల్లోనే ఉద్యోగానికి వెళ్తోంది. మీకు అది లాభమో నష్టమో మీ ఉద్యోగాలు ఎటువైపున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

మీ నాలుగో అంతస్తు ఫ్లాటు లైనుకు ఎదురుగా ఉందని, ఇప్పుడు ఖాళీగా ఉందని రాశారు గనుక, అడ్వాన్సు ఇచ్చే ముందు తాళం అడిగి తీసుకుని చాప, దిండు పట్టుకెళ్లి ఒక వారం మధ్య రోజున, మీతో పాటు ఇంట్లో నిద్ర పలుచన అయినవారు కూడా ఉండేలా చూసుకుని, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా కిటికీ తెరిచి పడుకోండి. తాళం ఇవ్వడానికి యజమాని వెనుకాడితే ఆ ధర ఎందుకు తగ్గిందో మీకే అర్థమవుతుంది. రైల్వే సరిహద్దుకు 30 మీటర్ల లోపు కట్టడానికి రైల్వే వారి నిరభ్యంతర పత్రం కావాలి. మీ భవనం పట్టాలకు 80 మీటర్లలో ఉన్నా, రైల్వే స్థలం హద్దు పట్టాల దగ్గరే ముగియదు కాబట్టి, ఆ హద్దు నుంచి టేపు పట్టి కొలిపించి, అవసరమైతే ఆ పత్రం నకలు బిల్డరును అడిగి తీసుకుని లాయరుకు చూపించండి.