పాప నాచు చదువుతానంటోంది, చేర్పించాలా?

ప్రశ్న: మాది పూసపాటిరేగ దగ్గర పల్లె. పాప బైపీసీ అయింది, నీట్‌లో సీటు రాలేదు. లాంగ్ టర్మ్ వద్దట, సముద్రపు నాచు గురించి చదువుతుందట. చింతపల్లి తీరంలో నాచు ఏరుకొచ్చి పేపర్ల మధ్య ఆరబెడుతుంటే, విసుగొచ్చి ఓసారి పారేశాను. బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) మేలా, బీఎస్సీ బోటనీ మేలా? నాచు పెంపకానికి సబ్సిడీ ఉందట, అందులో దింపమని బావమరిది పోరు.

జవాబు: కోర్సు గురించి అడిగారు గానీ, మీ టెన్షన్ వేరే. డాక్టరవుతుందనుకున్న పిల్ల నాచు చదువుతోందని చుట్టాలకు ఎలా చెప్పాలా అని. ఈ బెంగతో నాకు చాలామంది రాస్తారు. పిల్లలు బాగానే ఉంటారు, తల్లిదండ్రులకే నిద్ర పట్టదు.

ముందు బావమరిది మాట తేలుద్దాం. రామనాథపురం వైపు వెదురు తెప్పలకు కట్టి పెంచే కప్పాఫైకస్ అనే నాచుకు అలల తాకిడి లేని లోతు తక్కువ నీళ్లు కావాలి. మన తీరం అలా కాదు, అల నేరుగా వచ్చి కొడుతుంది. వరదల్లో వంశధార, నాగావళి నీళ్లు కలిసి ఉప్పదనం తగ్గితే ఆ నాచు కుళ్లిపోతుంది. ఇక తుపాన్లు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లే నిలవలేదు, తెప్పలు నిలుస్తాయా? సబ్సిడీ చూసి పిల్ల చదువు నిర్ణయించకండి.

మీరు పారేసింది చెత్త కాదండీ. అలా ఆరబెట్టి పేరు రాసి దాచడమే ఈ చదువులో మొదటి పాఠం. విసనకర్రలా విచ్చుకుని తెల్లటి చారలుంటే పడీనా, చిన్న చిన్న గాలిబుడగలుంటే సర్గాసమ్ అని పాప చెప్పగలదేమో అడిగి చూడండి. సముద్రపు గడ్డికి వేళ్లుంటాయి, పూలు పూస్తుంది. నాచుకు అవేవీ ఉండవు, రాయిని పట్టుకుని బతుకుతుంది. ఈ తేడా చెప్పిందంటే ఆమెది మోజు కాదు. వీడియోల్లో కెల్ప్ అనే భారీ నాచు అడవులు చూసి ముచ్చటపడిందా అన్నదీ కనుక్కోండి. కెల్ప్ చల్లటి సముద్రాల్లోది, మన దగ్గర పెరగదు. సముద్రపు గడ్డి చూడాలంటే మాత్రం పక్కనే చిలికా ఉంది.

బీఎఫ్‌ఎస్సీలో చేపలు, రొయ్యలే ఎక్కువ; మత్స్యశాఖ ఉద్యోగాలకు అది దగ్గరి దారి. నాచును గుర్తించడం నేర్పేది బోటనీ. కానీ డిగ్రీతో ఆగితే లాభం లేదు, ఎమ్మెస్సీ దాకా వెళ్లాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, తమిళనాడులోని పరంగిపేటలో అన్నామలై యూనివర్సిటీ వాళ్ల సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఉంది. పరిశోధన ఉద్యోగాలు తక్కువే, దాచను. అవి రాకపోయినా బోటనీ లెక్చరర్, బీఎడ్ దారులు ఎక్కడికీ పోవు.

అడ్మిషన్లలో ఆప్షన్లు పాపనే పెట్టుకోనివ్వండి. ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది కదా, అది చెబితే చాలు.