టెక్ సందేహాలు: పది వేల మౌస్ పాలకొల్లు లెక్కలకు అవసరమా?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువుల లెక్కలు చూస్తుంటాను. రోజుకు ఏడెనిమిది గంటలు ఎక్సెల్‌లోనే పని. ఇప్పుడు వాడేది నాలుగు వందల వైర్‌లెస్ మౌస్. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి "లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్ కొనుక్కో నాన్నా" అంటున్నాడు. పది వేలకు అటూ ఇటూ ఉంది. మౌస్‌కి అంత పెట్టొచ్చా? ఈమధ్య సాయంత్రానికి మణికట్టు కూడా లాగేస్తోంది.

జవాబు: మణికట్టు సంగతి ముందు చూద్దాం, ధర తర్వాత. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారుతున్నా ముందు డాక్టరుకు చూపించుకోండి. ఏ మౌసూ దానికి వైద్యం చేయదు. పని ఎక్కువైన రోజున మాత్రమే లాగుతోందంటే కూర్చునే తీరు సరిచేసుకోండి. టేబుల్ అంచు మణికట్టుకు ఒత్తుకోకూడదు. ముంజేయి మొత్తం బల్ల మీద ఆనాలి. మౌస్‌ని మణికట్టుతో తిప్పకుండా మోచేతి దగ్గర్నుంచి కదపండి. మొదటి వారం ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఇక మీ పని లెక్క వేద్దాం. మీరు పది చెరువులు చూస్తున్నారనుకుంటే, రోజుకు నాలుగు మేతలు, వంద రోజుల పంట. మేత ఖాతా ఒక్కటే నాలుగు వేల అంకెలు. దాని పక్కన చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం), నీటి పరీక్షలు, మందులు, డీజిల్, చివర్లో పట్టుబడి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో), రేటు. అంటే మీ షీటు కిందకే కాదు, పక్కకూ పారుతూ ఉంటుంది. మామూలు మౌస్ చక్రం ఒక్కో గాటు పడుతూ మూడేసి వరుసలు జరుగుతుంది. మొదటి రోజు మేత చూడాలంటే చూపుడువేలు అరిగిపోవాలి. పక్కకు వెళ్లాలంటే కింద ఉన్న బారు పట్టుకుని లాగాలి. అది చేయి జారి, ఎక్కడున్నామో మర్చిపోయి, మళ్లీ మొదటి గడి నుంచి వెతుక్కోవడం నాకూ అనుభవమే.

మీ అబ్బాయి చెప్పిన మౌస్‌లో ఎక్కువ డబ్బు పెట్టేది చక్రానికే. నెమ్మదిగా తిప్పితే గాట్లు పడుతూ ఒక్కో వరుస జరుగుతుంది. గట్టిగా ఒక్క తోపు తోస్తే లోపల ఉన్న విద్యుదయస్కాంతం పట్టు వదిలేస్తుంది, చక్రం బొంగరంలా తిరుగుతూ సెకనుకు వెయ్యి వరుసల దాకా పోతుంది. వేలు ఆనిస్తే ఆగిపోతుంది. బొటనవేలి దగ్గర ఇంకో చక్రం ఉంది, అది షీటును పక్కకు జరుపుతుంది. మీ పనికి అసలు సుఖం ఈ రెండో చక్రంలోనే ఉంది. అరచేయి పూర్తిగా ఆనే ఎత్తు, బొటనవేలికి ప్రత్యేకంగా చిన్న అరుగు ఉండటంతో పిడికిలి బిగించి పట్టుకోవాల్సిన పని కూడా తగ్గుతుంది.

ఛార్జింగ్ ఒకసారి నిండితే 70 రోజులు వస్తుందని కంపెనీ లెక్క. మర్చిపోయి ఆగిపోయినా ఒక్క నిమిషం టైప్-సీ వైరు పెడితే మూడు గంటలు నడుస్తుంది, వైరు ఉండగానే వాడుకోవచ్చు కూడా. ఆపిల్ వాళ్ల మ్యాజిక్ మౌస్‌కి ఛార్జింగ్ రంధ్రం పొట్ట కింద ఉంటుంది కాబట్టి ఆ వీలు లేదు. ఇంట్లో డెస్క్‌టాప్, చెరువు దగ్గర షెడ్డులో లాప్‌టాప్ వాడేవాళ్లకు ఇంకో సౌకర్యం: ఒకే మౌస్ మూడు పరికరాలకు జోడించి, కింద ఉన్న బటన్‌తో మార్చుకోవచ్చు. క్లిక్ చప్పుడు కూడా దాదాపు వినిపించదు. పిల్లలు పడుకున్న గదిలో రాత్రిపూట లెక్కలు రాసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

8,000 డీపీఐ అన్న అంకె చూసి మాత్రం కొనకండి. అంగుళం దూరం కదిపితే అన్ని బిందువులు లెక్కపెట్టగలదని దాని అర్థం. ఎక్సెల్‌కి 1,000 నుంచి 1,600 చాలు. అద్దం మీద కూడా పనిచేయడం నిజమే. కనీసం నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు అయితే బాణం గుర్తు చక్కగా కదులుతుంది. మీది అద్దాల బల్ల కాకపోతే దానితో మీకు పని లేదు.

ఇప్పుడు నష్టాలు. మొదటిది మన ఊళ్ల గాలి. ఇలాంటి మౌస్‌ల మీద చేతికి మెత్తగా తగిలే రబ్బరులాంటి పూత ఉంటుంది. వేడి, చెమట, తేమ కలిసి కొన్నేళ్లలో ఆ పూతను కరిగించి జిగురుగా మారుస్తాయి. నా దగ్గర ఉన్న ఒక ఖరీదైన మౌస్, వేరే కంపెనీది, రెండు వర్షాకాలాలు బాగానే ఉంది. తర్వాత బొటనవేలు ఆనేచోట బెల్లం పాకం తగిలినట్టు అంటుకోవడం మొదలైంది. తుడిస్తే గుడ్డకు నల్లగా వచ్చింది, ఆ మరక అరచేతి మీద సాయంత్రం దాకా ఉంది. రిపేరు షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్దితే పూత మొత్తం ఊడిపోయి కింద నున్నటి ప్లాస్టిక్ తేలింది. ఇప్పటికీ పనిచేస్తోంది, కానీ నేను డబ్బు పెట్టి కొన్న ఆ మెత్తదనం పోయింది. అందుకే పని అయిపోగానే పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. శానిటైజర్, కొబ్బరినూనె చేతులతో ముట్టుకోకండి. వాడకుండా బ్యాగులో నెలల తరబడి పెట్టేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

రెండోది బరువు. 141 గ్రాములు ఉంటుంది. చిన్న చేతుల వాళ్లకు ఈ మౌస్ సుఖం బదులు నొప్పే తెస్తుంది. ఎడమచేతి వాటం వాళ్లకు అసలు పనికిరాదు, రూపమే కుడిచేతికి చెక్కినట్టు ఉంటుంది. మూడోది, లోపలి బ్యాటరీ. పెన్సిల్ సెల్ మార్చినట్టు మీరు మార్చుకోలేరు. నాలుగైదేళ్లకు దాని బలం తగ్గినప్పుడు స్క్రూలు విప్పగల మనిషి దగ్గరికి వెళ్లాల్సిందే. పిల్లలు వేగంగా ఆడే ఆటలకు కూడా ఇది కాదు. గేమింగ్ మౌస్‌లు సెకనుకు వెయ్యిసార్లు కంప్యూటర్‌కి కబురు పంపుతాయి, ఇది 125 సార్లే పంపుతుంది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను: మీ పనికి కొనొచ్చు. ఏడాదికి మూడు వందల పనిదినాల చొప్పున మూడేళ్లు వాడారనుకోండి, రోజుకు పదకొండు రూపాయలు, ఒక టీ ఖర్చు. అయితే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టే ముందు భీమవరంలోనో రాజమండ్రిలోనో షాపులో పది నిమిషాలు చేత్తో పట్టుకుని చూడండి. అరచేయి నిండుగా ఆని, మధ్యవేలు కుడి బటన్ చివరి దాకా చేరుతుంటేనే తీసుకోండి. బిల్లు జాగ్రత్త చేయండి, వారంటీకి అదే ఆధారం. రోజుకు గంటసేపు బిల్లులు కొట్టేవాళ్లయితే నేను వద్దనే చెబుతాను. రెండు మూడు వేలలో చప్పుడు లేని మంచి మౌస్‌లు వస్తున్నాయి, అవి చాలు.

కొనేలోపు పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటి: కొత్త ఎక్సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కిపట్టి చక్రం తిప్పండి, షీటు పక్కకు జరుగుతుంది. ఈ రాత్రికే చూడండి. అది చాలు అనిపిస్తే పది వేలు మిగిలినట్టే.

ప్రశ్న: రాజోలు దగ్గర మా ఊరి నుంచే వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నాను. బ్యాకప్ కోసం ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోంది. తీసేస్తే బాగానే ఉంటుంది. మౌస్ పాడైందా?

జవాబు: మౌస్ బాగానే ఉంది. ప్రభల తీర్థంలో డప్పుల పక్కన నిలబడి ఫోను మాట్లాడితే అవతలివాళ్ల మాట వినిపిస్తుందా? ఇక్కడ జరుగుతున్నదీ అదే. మీ మౌస్ రిసీవర్, అంటే లాప్‌టాప్‌కి గుచ్చే ఆ చిన్న ముక్క, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడుస్తుంది. హార్డ్‌డిస్క్ పెట్టే వేగమైన యూఎస్‌బీ 3.0 పోర్టూ, దాని వైరూ డేటా పంపుతున్నప్పుడు సరిగ్గా ఆ ప్రాంతంలోనే రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ సంస్థే 2012లో దీని గురించి ఒక పత్రం విడుదల చేసింది. రిసీవర్, హార్డ్‌డిస్క్ పక్కపక్క పోర్టుల్లో ఉంటే రొద మీద రొద. లాప్‌టాప్‌కి రెండో వైపున్న పోర్టులో రిసీవర్ పెట్టి చూడండి. అప్పటికీ తగ్గకపోతే చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని, రిసీవర్‌ని మౌస్ దగ్గరికి తెచ్చుకోండి. డెస్క్‌టాప్ వాడేవాళ్లు రిసీవర్‌ని ఇనప డబ్బా వెనకాల గుచ్చి బల్ల కింద పెట్టడం కూడా ఇలాంటి తిప్పలే తెస్తుంది. ఖరీదైన మౌస్ కొన్నా ఈ బాధ తప్పదు, కాబట్టి దీని కోసం కొత్తది కొనకండి.

ప్రశ్న: అమలాపురంలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఏడాది తిరగకముందే మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పడుతోంది. పెళ్లి కార్డు డిజైన్ చేస్తుంటే ఒకటి పట్టుకోబోతే ఇంకేదో తెరుచుకుంటోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: సీజన్‌లో ఈ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా. బటన్ కింద మైక్రోస్విచ్ అని చిన్న పెట్టె ఉంటుంది, అందులో సన్నటి లోహపు రేకు. లక్షలసార్లు నొక్కగా ఆ రేకు అరుగుతుంది, తేమకు దాని మీద మచ్చ కడుతుంది. అప్పుడు ఒక నొక్కుకు కంప్యూటర్‌కి రెండుసార్లు కబురు వెళ్తుంది. వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడండి, అక్కడా అలాగే ఉంటే స్విచ్చే కారణం. వారంటీ ఉంటే విప్పకుండా షాపుకు పంపండి. అది దాటిపోతే టంకం వేయగల మొబైల్ రిపేర్ మనిషి కొత్త స్విచ్ వేసి ఇస్తాడు. మీకు మౌస్ అన్నం పెట్టే వస్తువు కాబట్టి, వంద రూపాయలు తక్కువని వచ్చింది కాకుండా మీరు వాడే బటన్ గట్టిగా, స్పష్టంగా తగిలేది ఎంచుకోండి. ఒకటి అదనంగా సొరుగులో ఉంచండి. పెళ్లివారు కార్డు కోసం కూర్చుని ఉండగా అది అక్కరకొస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయిది ఎడమచేతి వాటం. తణుకులో షాపువాళ్లు "అన్నీ కుడిచేతివే, అలవాటు చేసుకోవాలి" అంటున్నారు.

జవాబు: అలవాటు చేయించకండి. రెండు వైపులా ఒకేలా ఉండే సాదా మౌస్ తీసుకుని, విండోస్ సెట్టింగ్స్‌లో మౌస్ భాగంలోకి వెళ్లి ప్రైమరీ బటన్‌ను కుడివైపుకు మార్చండి. ఎడమచేతి కోసమే చేసినవీ ఉన్నాయి: లాజిటెక్‌లో సిగ్నేచర్ ఎం650 ఎల్ లెఫ్ట్, నిలువుగా పట్టుకునే లిఫ్ట్ లెఫ్ట్. షాపులో లేకపోతే ఆ పేర్లు కాగితం మీద రాసిచ్చి తెప్పించమనండి.