సమాధానం: బంగాళాఖాతం ఉష్ణ లెక్క ఎందుకు తేలడం లేదు?

అక్టోబరులో ఉత్తర బంగాళాఖాతం పైనీరు ఎంత వేడెక్కుతుందో మీరు కట్టిన లెక్క కొలతతో సరిపోవడం లేదని అడిగారు. మీ లెక్కలో రోజుకు 0.05 డిగ్రీలు, కొలతలో 0.08. తేడా మీరు 40 మీటర్లుగా తీసుకున్న మిశ్రమ పొర (గాలికి కలిసిపోయి ఒకే తీరుగా ఉండే పైనీరు) దగ్గరే వచ్చింది. ఆ పొర అడుగుగా మీరు ఉష్ణోగ్రత 0.2 డిగ్రీలు తగ్గే లోతు తీసుకున్నారు. అక్టోబరులో ఉత్తర బంగాళాఖాతంలో అది పనిచేయదు. గంగ, బ్రహ్మపుత్రల మంచినీరు పైన తేలుతూ ఉంటుంది. వేడి ఒకటే అయినా ఉప్పదనం 10 మీటర్ల దగ్గరే మారిపోతుంది, గాలి కలపగలిగేది అంతవరకే. కింద మిగిలింది అవరోధ పొర, అంటే పైనీరు లోతు నీటితో కలవకుండా అడ్డుపడేది.

సాంద్రత 0.03 కిలోలు/ఘనమీటరు పెరిగే లోతు తీసుకోండి. ఆ పెరుగుదలను పోల్చడానికి అలవాటుగా వాడే 10 మీటర్ల లోతు కాకుండా 3–5 మీటర్ల లోతు దగ్గరి కొలత పెట్టండి, లేకపోతే పలుచటి పొర అసలు దొరకదు.

ఇక్కడే ఇంకో తప్పు జరుగుతుంది. సముద్రంలోకి చదరపు మీటరుకు చేరే నికర వేడి 100 వాట్లను 10 మీటర్ల పొరకే పంచితే రోజుకు 0.21 డిగ్రీలు వస్తుంది, మరీ ఎక్కువ. మీ 220 వాట్ల సూర్యకాంతిలో, నీరు తేటగా ఉంటే, 27 శాతం (60 వాట్లు) ఆ పొర దాటి కిందికి పోతుంది. 100లో మిగిలిన 40 వాట్లకు 0.084, మీ కొలతకు దగ్గరే. తీరం దగ్గర బురదనీటికి ఈ శాతం వాడకండి.

లెక్కలో కింది నుంచి చల్లదనం కలిపే భాగాన్ని ప్రస్తుతానికి సున్నా అనుకోవచ్చు. అవరోధ పొరలో లోతుతో ఉష్ణోగ్రత దాదాపు మారదు. చలికాలంలో మాత్రం కింద నీరే వెచ్చగా ఉంటుంది, ఆ భాగం గుర్తు (ప్లస్, మైనస్) తిరగబడుతుంది.